గుడ్ల బండి, పోర్టు రోడ్డు, ఆటోనగర్ బాబాయ్ టైర్ల షాపు

ఈ షాపుకి పేరు లేదు. ఒకప్పుడు ఉండేదేమో, బోర్డు మీద ఎండకి చెరిగిపోయింది. ఇప్పుడు కనిపించేవి మూడే మాటలు: టైర్లు, పంక్చర్లు, గాలి. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఎవరినడిగినా "బాబాయ్ షాపా?" అని దారి చూపిస్తారు. ఆయన అక్కడ అందరికీ బాబాయే. నాకంటే పదిహేనేళ్లు పెద్ద ఉంటాడు, నేనూ అలాగే పిలుస్తున్నాను.

మాది గుడ్ల వ్యాపారం. అనకాపల్లి వైపు ఫారాల నుంచి తెల్లవారకముందే సరుకు ఎత్తుకుని, కూర్మన్నపాలెం, గాజువాక కిరాణా కొట్లకి కొంత దింపి, మిగిలింది షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు ఎక్కి, కాన్వెంట్ జంక్షన్ మీదుగా జ్ఞానాపురం, పూర్ణా మార్కెట్‌కి వేస్తాం. స్టీరింగు మా తమ్ముడిది, లెక్కల పుస్తకం నాది. 2024 ఆగస్టులో పాత డీజిల్ బండి అమ్మేసి చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు తీసుకున్నాం. ఆకుపచ్చ నంబర్ ప్లేటు, దాని మీద పసుపు అక్షరాలు. మొదటి నెల దాన్ని చూసి "ఇది గవర్నమెంటు బండా అండీ?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

సంగతి 2025 నవంబరు 24, సోమవారం నాటిది. కార్తీకం అయిపోయి నాలుగు రోజులు. గుడ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఆ వారం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నెలరోజులు గుడ్డు ముట్టనివాళ్లందరూ ఒక్కసారి అడుగుతారు. అందుకే ఆ రోజు 300 అట్టలు ఎత్తాం. గాజువాక దాటేసరికి 130 దిగిపోయాయి. ఇంకా 170 అట్టలు, అంటే 5,100 గుడ్లు, వెనకాల ఉన్నాయి.

పోర్టు రోడ్డు ఎక్కి కొంచెం దూరం వెళ్లామో లేదో వెనక ఎడమ పక్క టప్ టప్‌మని చప్పుడు. డీజిల్ బండి అయితే ఆ ఇంజిన్ మోతలో అంత తొందరగా వినపడేది కాదు. ఇందులో ఏ చప్పుడూ ఉండదు కాబట్టి గుడ్డు పగిలినా వినిపిస్తుంది. "అక్కా, బండి ఒక పక్కకి లాగేస్తంది" అన్నాడు తమ్ముడు. ఆపరా అంటే ఆపడానికి చోటేదీ? వెనక బొగ్గు లారీ హారన్, దాని వెనక ఇంకోటి. మెల్లగా ఓ 400 మీటర్లు లాక్కెళ్లి, టీ బడ్డీ దగ్గర కాస్త వెడల్పున్న చోట పక్కకి తీశాడు. ఆ 400 మీటర్ల ఖరీదు ఎంతో మధ్యాహ్నం బాబాయ్ చెప్పాడు.

దిగి చూస్తే వేలెడు ఇనప చువ్వ ముక్క, టైరు మధ్యలో కాదు, అంచు దగ్గర దిగింది. ఆ రోడ్డు మీద తుక్కు లారీలు తిరిగినంతకాలం ఇవి రాలుతూనే ఉంటాయి. అప్పుడు టైము 5:40. స్టెప్నీ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం. కొన్నాక పదిహేను నెలల్లో ఆ స్టెప్నీని ఒక్కసారి కూడా కిందికి దించలేదు. టీ బడ్డీ అతని దగ్గర గేజి ఉంటే పెట్టి చూశాం. 18 చూపించింది. మా బండికి కావాల్సింది దానికి మూడు రెట్ల పైమాటే. తమ్ముడు నావైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. గాలి చూసుకోవడం ఎవరి పని అని అంతకుముందు మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

బండితో పాటు ఒక సంవత్సరం రోడ్డు సాయం ఇచ్చారు. అది అయిపోయాక డబ్బు కట్టి ఇంకో ఏడాదికి పొడిగించుకున్నాను. ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఎక్కడో దూరపు ఊళ్లో ఉంది, హిందీలో మర్యాదగానే మాట్లాడింది. ల్యాండ్‌మార్క్ చెప్పమంది. ఎదురుగా పోర్టు వైపు వెళ్లే లారీలు, వెనకాల విమానాశ్రయం, దూరంగా సింహాచలం కొండ. నేను చెప్పిన వాటిలో ఆమెకి ఒక్కటీ దొరకలేదు. చివరికి లొకేషన్ పంపాను. 45 నిమిషాల్లో మనిషి వస్తాడంది.

ఈలోగా టీ బడ్డీ అతను తనకి తెలిసిన పంక్చర్ కుర్రాణ్ని పిలిచాడు. పాపం, ఆరు పదికల్లా బైకు మీద వచ్చాడు. సీసా జాకీ తీసి, బండి కింద చదునుగా ఉన్న చోటు ఏదో చూసి అక్కడ ఆనించబోయాడు. తమ్ముడు అరిచిన అరుపుకి పక్కన టీ తాగుతున్న నలుగురూ లేచి నిలబడ్డారు. ఆ చదునైన చోటు బ్యాటరీ పెట్టె. దాని పక్క నుంచే నారింజ రంగు కేబుళ్లు పోతాయి. ఎలక్ట్రిక్ బండిలో ఆ రంగు కేబుల్ అంటే పెద్ద ఓల్టేజి అని అర్థం. జాకీ ఎక్కడ పెట్టాలో పుస్తకంలో బొమ్మలతో ఉంది. ఆ కుర్రాడికి ఆ పుస్తకం ఎవరు చూపిస్తారు? భయపడి, మేమిచ్చిన యాభై కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

45 నిమిషాలన్న మనిషి 7:35కి వచ్చాడు. చక్రం మార్చడానికి సామాను ఏమీ లేదు. కొక్కెం ఉన్న టోయింగ్ బండి తెచ్చాడు. ముందు చక్రాలు ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కుపోయే రకం. "న్యూట్రల్‌లో పెట్టండి మేడమ్, లాగేస్తాను" అన్నాడు. మా బండికి మోటారు వెనక చక్రాలకే. చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది, బండి ఆఫ్‌లో ఉన్నా సరే. అలా లాగితే లోపలి సామాను కాలిపోవచ్చని, నాలుగు చక్రాలూ పైన ఉండేలా పళ్లెం లాంటి బండి మీదే ఎక్కించాలని పుస్తకంలో రాసి ఉంది. పైగా గాలి లేని చక్రం మీద 5,100 గుడ్లతోనా! వద్దని చెప్పాను. "మీరే వద్దన్నారని రాసి సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఆ సాయానికి ఏడాదికి కట్టిన డబ్బు నా పుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. నాలాగా కట్టినవాళ్లు ఒకసారి ఫోన్ చేసి, "ఎలక్ట్రిక్ బండికి విశాఖపట్నంలో మీరు ఏ బండి పంపుతారు?" అని ముందే అడిగి పెట్టుకోండి.

బాబాయ్ నంబరు ఇచ్చింది ఒక లారీ డ్రైవరు. టీ తాగుతూ ఈ భాగోతం మొదటి నుంచీ చూస్తున్నాడు. వెళ్లేముందు సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద నంబరు రాసిచ్చాడు.

ఫోన్‌లో బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న బండి ఏ కంపెనీది అని కాదు. "లోడేటమ్మా?"

"గుడ్లు."

కాసేపు మాట లేదు. "ఎన్ని?"

"ఐదు వేలు."

"ఓలమ్మో. కదపకండి. కుర్రాణ్ని పంపుతాను. బండి కిందకి ఎవర్నీ దూరనీయకండి."

ఎనిమిది పదికల్లా ఆయన మనిషి ఆటోలో దిగాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. చక్రాల మీద జరిగే పెద్ద జాకీ, బ్యాటరీతో నడిచే గాలి మిషను, రెండు చెక్క దిమ్మలు తెచ్చుకున్నాడు. ముందు స్టెప్నీ దింపి గాలి పట్టాడు, సబ్బు నీళ్లు పోసి ఎక్కడైనా లీకుందేమో చూశాడు. కుడి పక్క చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ యాక్సిల్ కింద, కమాన్ పట్టీల పక్కన పెట్టాడు. బ్యాటరీ జోలికి పోలేదు. ఎవరు నేర్పారని అడిగితే, "మా షాపుకి కరెంటు ఆటోలు, పార్సిల్ బండ్లు శానా వస్తాయండీ. బాబాయ్ ఒక బండి కింద పడుకోబెట్టి సూపించారు" అన్నాడు. జాకీ ఒక్కో పంపు కొట్టి ఆగి, గుడ్ల వైపు చూసి, మళ్లీ ఒక పంపు. నేను ఆ రోజు మొదటిసారి కూర్చుని టీ తాగాను. 8:45కి బండి కదిలింది. వచ్చినందుకు, మార్చినందుకు, ఆటోతో కలిపి 400 తీసుకున్నాడు. పోతూ పోతూ, "యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోవాలండీ, మర్సిపోకండి" అని రెండుసార్లు చెప్పాడు.

ఇక షాపు. సరుకు దింపేసి రెండున్నరకి వెళ్లాం. బయట రేకుల పందిరి, లోపల కొత్త టైర్ల దొంతరలు, ఒక బ్యాలెన్సింగ్ మిషను, టైరు రిమ్ నుంచి ఊడదీసే మిషను. అలైన్‌మెంట్ లేదు, దానికి ఇంకో వీధిలోకి పంపుతాడు. బాబాయ్ బల్ల మీద తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆయన నిద్ర, ఆ టైములో ఫోన్ ఎత్తడు. ఈ సంగతి మాకు తెలీక అరగంట నిలబడ్డాం.

లేచాక మొదట చేసిన పని, పాడైన టైరు రిమ్ నుంచి తీసి లోపల చెయ్యి పెట్టి తిప్పడం. అరచెయ్యి నాకు చూపించాడు. నల్లటి పొడి, నలిపిన మిరియాల్లా. "ఏటమ్మా, గాలి లేకుండా ఎంత దూరం నడిపేసినావ్?" 400 మీటర్లని చెప్పాను. "సూడు, పక్క గోడ లోపల అంతా నలిగిపోయింది. చువ్వ మధ్యలో దిగి, నువ్వు అక్కడే ఆపుంటే నూటయాభై రూపాయల పంక్చర్. ఇది మరి ఎవడు అతికిస్తానన్నా నమ్మకు." అంచులో పడిన చిల్లుకీ, నలిగిన సైడ్ వాల్‌కీ అతుకు నిలవదు. కావాలంటే ప్యాచ్ వేసే వాళ్లు ఉంటారు. 300 కిలోల గుడ్లతో హైవే మీద అది పేలితే వాళ్లు రారు. ఇన్సూరెన్స్ సంగతి నేనే అడిగాను, ఆయన నవ్వాడు. టైరు ఒక్కటే పాడైతే మామూలు పాలసీలో పైసా రాదు. టైరు కంపెనీ వారంటీ తయారీలో లోపాలకే, ఇనప చువ్వలకి కాదు.

ఇక్కడిదాకా వచ్చేసరికే నా దగ్గర రెండు చోట్ల ధరలు ఉన్నాయి. బండి అమ్మిన కంపెనీ సర్వీసు సెంటర్‌లో జూన్‌లో టైర్ల రేటు అడిగి చీటీ రాయించుకున్నాను. ఒక్కోటి 5,760, ఫిట్టింగ్ వగైరా కలిపితే 6,850. ఆ ఉదయం మళ్లీ ఫోన్ చేస్తే అదే 5,760 చదివింది అమ్మాయి. సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదమ్మా అన్నాను. "సిస్టమ్‌లో ఇంకా మారలేదు మేడమ్" అంది. పైగా వెనకవి రెండూ మార్చాలి, సరుకు రావడానికి నాలుగు రోజులు పడుతుందని చెప్పింది. ఇంకో చోట 3,400కే ఇస్తానన్నాడు. ఫొటో పంపమంటే పంపాడు. కొలత అదే, కానీ కారు టైరు. మాలాంటి బండ్ల టైరు పక్కన ఎల్‌టి అనీ, 8పిఆర్ అనీ ఉంటుంది, అంటే బరువు మొయ్యడానికి చేసింది. ఆ అక్షరాలు లేని టైరు రిమ్‌కి చక్కగా పడుతుంది, మన లోడుకి పడదు. ఇది చదివేవాళ్లలో సొంత బండి ఉన్నవాళ్లుంటే దయచేసి ధర కంటే ముందు ఆ అక్షరాలు చూడండి.

బాబాయ్ దగ్గర అదే కంపెనీ, అదే అచ్చు టైరు 4,500, జీఎస్టీ 810, మొత్తం 5,310. నేను రెండు ఇమ్మన్నాను. డబ్బులు కూడా లెక్కపెట్టి పెట్టుకున్నాను.

ఆయన సరే అనలేదు. పెన్ను లాంటి కొలబద్ద తీసి నాలుగు చక్రాల టైర్ల మీది గాడుల లోతు కొలిచాడు. ముందువి రెండూ నాలుగున్నర మిల్లీమీటర్లు. వెనక కుడిది 2.1. లోతు 1.6కి వస్తే టైరు మార్చెయ్యాలి, అది రూలు. గాడుల మధ్య ఆ మట్టానికే చిన్న గట్లు పోసి ఉంటాయి, అవి పైకి తేలితే అయిపోయినట్టు. తర్వాత ఉదయం వేసిన స్టెప్నీ దగ్గర కూర్చుని దాని పక్కన అచ్చు చదివాడు. 1824. అంటే 2024లో 18వ వారం తయారీ. "ఇది రోడ్డు ముట్టింది ఇవాళే కదా? కొత్తదే. ఇది ఎడం పక్క ఉండనీ. కుడి పక్కకి ఒక్క టైరు కొను. ఆ కుడిది తీసి స్టెప్నీలో పడెయ్. రోజూ తిరగడానికి పనికిరాదు గానీ షాపు దాకా తీసుకొచ్చేస్తాది. రెండెందుకు నీకు?"

నా ముప్పై ఏళ్ల వ్యాపారంలో, మా నాన్న కొట్లో కూర్చున్న రోజులు కలుపుకుని, ఎదుటివాడు డబ్బు చేత్తో పట్టుకుని నిలబడితే సగం సరుకు చాలన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. లెక్క రాసేటప్పుడు మాత్రం ఇది ఆదా అని రాయలేదు. స్టెప్నీ కూడా నా డబ్బుతో కొన్నదే కదా. ఇంకో టైరు కొనాల్సిన రోజు వెనక్కి జరిగింది, అంతే. అయినా కార్తీకం అయిపోయిన వారంలో 5,310 చేతిలో ఉండటం, ఉండకపోవడం ఒకటి కాదు.

ఒక యాక్సిల్ మీద ఒకటి అరిగిందీ ఒకటి కొత్తదీ ఎందుకు పెట్టకూడదని అడిగాను. రెండు చక్రాల చుట్టుకొలత తేడాగా ఉంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలి. మోటారు తిప్పే యాక్సిల్ కాబట్టి ఆ తేడా అంతా మధ్యలో ఉన్న గేర్ల పెట్టె, డిఫరెన్షియల్ అంటారు, అది మోస్తుంది, తిన్నని రోడ్డు మీద కూడా దానికి తీరిక ఉండదు. ఇదంతా రెండు అట్టల మీద పెట్టిన గుడ్లు దొర్లించినట్టు చేతుల్తో చూపించాడు. నా కోసమే ఆ పోలిక వాడాడని అర్థమైంది.

అసలు వెనక టైర్లు ఇంత తొందరగా ఎందుకు అరిగాయని నా బాధ. డీజిల్ బండికి వెనకవి 45 వేల కిలోమీటర్లు వచ్చాయి, పుస్తకంలో ఉంది. ఇది 31 వేలకే 2.1కి వచ్చింది, మహా అయితే 33 వేలు. ఎలక్ట్రిక్ బండి టైర్లు తినేస్తుందని అందరూ అంటారు. బాబాయ్ చెప్పిన కారణాలు మూడు. బ్యాటరీ బరువు ఎప్పుడూ బండిలోనే ఉంటుంది, ఖాళీ బండి అయినా ఖాళీ కాదు. మోటారుకి కదిలే క్షణంలోనే పూర్తి బలం వస్తుంది, డీజిల్‌లాగా ఊపు అందుకునేదాకా ఆగదు. కాలు తీసినప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగి ఎక్కించేందుకు బండిని ఆపేది కూడా ఆ వెనక చక్రాలే. లాగేదీ అవే, ఆపేదీ అవే. ఈ మూడూ చెప్పి, నాలుగోది మా తమ్ముడి కుడికాలు చూపించాడు. సిగ్నల్ దగ్గర గ్రీన్ లైటు పడితే పక్కనున్న బుల్లెట్ కంటే ముందు దూకుతాడని నాకు తెలుసు. బాబాయ్‌కి ఎలా తెలిసిందో!

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఒక జత వెనక టైర్లు 10,620. 33 వేల కిలోమీటర్లకి పంచితే కిలోమీటరుకి 32 పైసలు. పాత బండిలాగా 45 వేలు వచ్చి ఉంటే 24 పైసలు అయ్యేది. మేం రోజుకి 85 కిలోమీటర్లు తిరుగుతాం. అంటే టైర్ల వల్ల రోజుకి ఎక్కువ పడేది ఏడు రూపాయల చిల్లర. డీజిల్‌కి రోజూ 480 పోసేవాళ్లం, ఇప్పుడు కరెంటు 125 లోపు. టైర్లు తినేస్తుందన్న మాట నిజమే. తినేది ఒక గుడ్డు ఖరీదు కంటే కాస్త ఎక్కువ.

మరి ఆ రోజు ఎందుకంత నష్టం అనిపించింది? అదీ రాశాను. టైరు 5,310. కుర్రాడు వచ్చినందుకు 400. ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్ 300. పాత రబ్బరు వాల్వులు తీసి రెండు కొత్తవి 100. పగిలిన గుడ్లు 67, అవి ఓ 415. అవన్నీ ఆ 400 మీటర్లలో పోయినవే, జాకీ ఎత్తినప్పుడు ఒక్కటి కూడా పోలేదు. పూర్ణా మార్కెట్ దగ్గర హోటలుకి ఏడింటికల్లా 40 అట్టలు ఇవ్వాలి, తొమ్మిదిన్నరకి వెళ్తే వాళ్లు వేరే చోట తెప్పించేసుకున్నారు. ఆ 40 అట్టకి ఐదు రూపాయలు తగ్గించి మార్కెట్లో తోసేశాం, ఇంకో 200. మొత్తం 6,725. ఆ హోటలాయన ఇప్పటికీ రోజుకి 20 అట్టలు నా దగ్గర, 20 ఆ రెండో మనిషి దగ్గర తీసుకుంటున్నాడు. దానికి ఎదురుగా ఏ అంకె వెయ్యాలో తెలీక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

షాపులో నచ్చనివి లేకపోలేదు. బిల్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మొదట తెల్లకాగితం మీద రాసిచ్చాడు, జీఎస్టీ నంబరుతో కావాలంటే లోపల డ్రాయరంతా వెతికాడు. ఇచ్చాడు, సరిగ్గానే ఉంది, కానీ నాకు వ్యాపారానికి కాగితం కావాలి, అడుక్కునేలా ఉండకూడదు. ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు, టైరు మీద కూర్చున్నాను, చీరకి నలుపంటింది. నల్లటి చీర కట్టుకెళ్లమని నా సలహా. రేడియో సౌండు తగ్గించమంటే తగ్గిస్తాడు, ఐదు నిమిషాల్లో మళ్లీ పెంచుతాడు. ఆదివారం ఒంటిపూటే.

ఇంకొకటి, నైట్రోజన్. చక్రానికి 50 చొప్పున పట్టించుకోమన్నాడు. బీఎస్సీ చదివిన పాపానికి ఊరుకోలేకపోయాను. మామూలు గాల్లో 78 శాతం నైట్రోజనే కదా బాబాయ్, మిగతా 22కి 50 రూపాయలా అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "అడిగినోళ్లకి అదే సెప్తాను. అడగనోళ్లు పట్టించుకుంటారు" అన్నాడు. నిజాయితీ అనాలో ఏమనాలో! మామూలు గాలే పట్టించుకున్నాను.

ఆ గాలే ఇంకో సంగతి బయటపెట్టింది. మిగతా మూడు చక్రాల్లోనూ ఉండాల్సిన దానికంటే ఎనిమిది, పది తక్కువ ఉంది. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని విడివిడిగా రాసి ఉంటుంది, అందులో లోడుతో ఉన్న లెక్క పట్టమని కుర్రాడికి చెప్పాడు. అంతకు ముందు వారం సాయంత్రం ఇల్లు చేరేసరికి బ్యాటరీలో 22 శాతం మిగిలేది. తర్వాతి వారం అదే దారిలో, అదే లోడుతో 26 మిగిలింది. గాలి తగ్గితే టైరు రోడ్డు మీద ఎక్కువ నలుగుతూ బండిని వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్ బండిలో ఇదంతా లీటరు కొలతలో కలిసిపోయేది, ఇక్కడ శాతాల్లో కళ్ల ముందే కనిపిస్తోంది. మొదటివారమే చూసుకుని ఉంటే ఆ నాలుగు శాతం పదిహేను నెలలు మిగిలేది. తమ్ముడు ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2,400 పెట్టి ఒక చిన్న గాలి మిషను కొని సీటు వెనక పెట్టాం. స్టెప్నీ గాలి చూడటం ఎవరి పనో ఇప్పుడు రాసి ఉంది: ఒకటో తారీఖు అయితే నాది, పదిహేనో తారీఖు అయితే తమ్ముడిది. మర్నాడు నట్లు బిగించడానికి వెళ్తే డబ్బు తీసుకోలేదు. రెండు నట్లు నిజంగానే పావు చుట్టు తిరిగాయి. ఒక అట్ట గుడ్లు ఇవ్వబోతే మాత్రం ఆ రోజు రేటెంతో అడిగి, సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు.

నా మార్కులు ఐదుకి నాలుగు, ఆ ఒక్కటీ బిల్లుకి తగ్గించాను. వెళ్లాలంటే, బీహెచ్‌పీవీ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆటోనగర్‌లోకి తిరిగాక ఎవరినైనా బాబాయ్ షాపు అని అడగండి. ఎలక్ట్రిక్ బండి అయితే ఫోన్‌లోనే చెప్పండి, పెద్ద జాకీ తెస్తారు. లోడు ఏమిటో కూడా చెప్పండి. ఒంటిగంట నుంచి మూడింటి దాకా మాత్రం చెయ్యకండి.